పదిహేనో సంతకం

శనివారం మధ్యాహ్నం. ఆసుపత్రి దుప్పట్లు ఉతికి ఇస్త్రీ చేసే లాండ్రీ. భోజనాల గంటకు అందరూ వెళ్లిపోగా, హాల్లో ఒక పెద్దావిడ, ఆమెను వెతుక్కుంటూ వచ్చిన పాస్టరు.

"అక్కడ కాదు పాస్టరుగారూ. కుట్టున్న మూల పట్టుకోండి. రెండో చేత్తో దాని పక్క మూల. ఆఁ, ఇప్పుడు వెనక్కి నడవండి."

"ఎంతదాకా?"

"దుప్పటి మిమ్మల్ని ఆపేదాకా. అంతే. ఇప్పుడు ఒక్కసారి విదిలించండి. అబ్బే, కోడిని తోలినట్టు కాదు. గట్టిగా."

"ఇలాగా?"

"పరవాలేదు. ఇక మీ మూలలు రెండూ కలిపి నా దగ్గరికి తెచ్చివ్వండి."

"నేను మాట్లాడదామని వచ్చానమ్మా."

"మాట్లాడండి. చేతులు పనిచేస్తుంటే నోరు ఖాళీయే కదా. ఈ బండి ఖాళీ అవ్వాలి నాకు. ఒక్కదాన్నే మడిస్తే దుప్పటికి నాలుగు నిమిషాలు. ఇద్దరుంటే అర నిమిషం."

"మిగతావాళ్లేరి?"

"భోజనాలకెళ్లారు."

"మీరు తినలేదా?"

"తింటాను. వాళ్లు వచ్చాక వెళ్తాను."

"కలిసి తినట్లేదా?"

"చోటు చాలదండి."

"పోయిన నెల వచ్చినప్పుడు చూశానుగా, ఇంత పొడుగు బల్ల ఉంది అక్కడ."

"పోయిన నెల చోటుండేది. మీ మూల కిందికి జారింది, చూసుకోండి."

"ఎవరైనా ఏమన్నా అన్నారా మిమ్మల్ని?"

"ఏమీ అనరు. అంటే బాగుండును. ఇరవై రెండేళ్లుగా ఈ హాల్లో మిషన్ల చప్పుడు కంటే మా నోళ్లే ఎక్కువ. ఇప్పుడు నేను అడుగుపెడితే మిషన్లు బాగా వినిపిస్తాయి."

"ఆదివారం కూడా చూశాను. వెనక బెంచీలో ఒక్కరే కూర్చున్నారు."

"గాలి బాగా వస్తుందక్కడ."

"అక్కడ ఫ్యానే లేదమ్మా."

"అయితే చలి వెయ్యదు."

"అమ్మా…"

"ఇది తీసుకోండి. పిల్లల వార్డుది, చిన్నది. దీనికి వెనక్కి నడవక్కర్లేదు."

"మూడు ఆదివారాలైంది మీరు ప్రభువు బల్ల దగ్గరికి రాక. రొట్టె పళ్లెం పట్టుకుని మీ వైపే చూశాను. మీరు తల వంచుకున్నారు."

"ప్రార్థన చేసుకుంటున్నాను."

"నూట రెండు జ్వరంలో కూడా దుప్పటి కప్పుకుని వచ్చి చెయ్యి చాపిన మనిషి మీరు. నేను ఈ సంఘానికి వచ్చిన కొత్తలో నాకు ధైర్యం చెప్పింది మీరు. మొదటి ఆదివారం నా కాళ్లు వణుకుతుంటే…"

"మైకు వణికిందనుకున్నాం మేము."

"నవ్వించకండి. ఎందుకు రావట్లేదు?"

"మీరే కదా చెప్పింది. దేవుడికి ఏదన్నా ఇద్దామని వచ్చి, దారిలో ఎవరికో చేసిన తప్పు గుర్తొస్తే, అది అక్కడే పెట్టేసి, ముందు వెళ్లి ఆ మనిషితో సరిచేసుకుని రమ్మని."

"అదే నేనూ అంటున్నాను! వెళ్లండి. పెద్దాయనతో కూర్చోండి. ఆయన తలుపు తెరిచే ఉంది."

"పెద్దాయన గురించి ఎవరన్నారండీ?"

"మరింకెవరు? లాండ్రీ ఆయనదే. సంఘానికి పెద్ద కూడా ఆయనే. మీ కోపం ఆయన మీద."

"కోపం లేదని అబద్ధమెందుకు. ఉంది. దాని గురించి కాదు."

"అమ్మా, కోపాన్ని కడుపులో పెట్టుకుంటే…"

"బల్ల మీద పెట్టిన మీ బైబిలు అట్టలోంచి కాగితం తొంగిచూస్తోంది. వచ్చినప్పటినుంచి చూస్తూనే ఉన్నాను. ఎవరో గానీ మడత సరిగా పెట్టలేదు."

"చదివి వినిపిద్దామని…"

"నోటికొచ్చు. 'ప్రమాదం జరిగినప్పుడు అడ్డకడ్డీ సరిగ్గా పనిచేస్తూనే ఉంది. ఆమె పరధ్యానంలో చెయ్యి లోపలికి పెట్టింది.' అంతేనా?"

"అంతే."

"అడ్డకడ్డీ ఎప్పుడన్నా చూశారా మీరు?"

"నాకీ మిషన్ల సంగతి…"

"రండి. భయం లేదు, ఆపేసి ఉంది. ఇదిగో, ఇస్త్రీ రోలర్. తడి దుప్పటి ఇటు పెడితే అటు కాలి, ఆరి, నున్నగా వస్తుంది. దీని నోటి ముందు ఈ కడ్డీ చూశారా? వేలు తగిలితే చాలు, మొత్తం టక్కున ఆగిపోతుంది."

"మంచిదే కదా."

"మంచిదే. కానీ దానికి మనిషి చెయ్యేదో, దుప్పటి ముడతేదో తెలియదు. ముడత తగిలినా ఆగుతుంది. గంటకు పదిసార్లు, పదిహేనుసార్లు. ఆగిన ప్రతిసారీ అందరం చేతులు ముడుచుకుని నిలబడాలి."

"అందుకని?"

"అందుకని పాత దిండు గలీబు చింపి, కడ్డీని పైకి లాగి, ఆ పీలికతో కట్టేస్తారు. ఇక అది దేనికీ తగలదు. పని నీళ్లలా సాగుతుంది. ఆ రోజు కూడా సాగింది, మేమంతా పిచ్చుక అని పిలిచే ఆ పిల్ల చెయ్యి లోపలికి వెళ్లేదాకా."

"కట్టమని చెప్పిందెవరు?"

"సూపర్‌వైజరు. ఆయనకు చెప్పింది పెద్దాయన. పెద్దాయనను తొందరపెట్టింది ఆసుపత్రి వాళ్లు, దుప్పట్లు ఆలస్యమైతే పని ఇంకొకరికి ఇచ్చేస్తామని. ఎవరికి వాళ్లు పైవాళ్ల మాట విన్నవాళ్లే. కట్టిందేమో…"

"వద్దు. పేరు చెప్పకండి. నాకు తెలియక్కర్లేదు. తెలిస్తే రేపు ఆ మనిషికి రొట్టె అందించేటప్పుడు నా చెయ్యి తడబడుతుంది."

"సరే. ఆ పెద్ద దుప్పటి అందుకోండి."

"పిచ్చుకను చూసొచ్చాను మొన్న."

"ఎలా ఉంది?"

"ఆ పిల్ల సంగతి తెలుసుగా. చెయ్యి లేదు గానీ వాగుడు తగ్గలేదు. ఎడమ చేత్తో గ్లాసు పట్టుకోవడం నేర్చుకుంటోంది. ఒలికితే నర్సు మీద వేస్తోంది నేరం."

"తింటోందా?"

"తింటోంది. మీరు వెళ్లలేదా?"

"వెళ్లాను. రెండుసార్లు."

"మరి మీరు రాలేదందే?"

"గుమ్మం దాకా వెళ్లాను. నిద్రపోతున్నట్టుంటే వచ్చేశాను."

"రెండుసార్లూ నిద్రేనా? ఆ పిల్ల పగలు కన్నుమూయదని నర్సు చెప్పింది."

"నేను మడిచిన దుప్పటే ఆ మంచం మీద ఉంది. ఆసుపత్రి ముద్ర పక్కన మా నీలం కుట్టు కనిపించింది. అది చూసి కాళ్లు రాలేదండీ."

"మిమ్మల్నే అడిగింది. 'పెద్దమ్మ కోపంగా ఉందా?' అంది."

"నాకా! నాకు కోపమా?"

"నేనూ అదే అనుకున్నాను. అమ్మా, వినండి. పెద్దాయన నాకు మాటిచ్చారు. పిచ్చుక వైద్యమంతా ఆయనే చూసుకుంటారు. బాగయ్యాక కూర్చుని చేసే పని, చిరుగులు చూసే బల్ల దగ్గర, ఒంట్లో ఓపికున్నంత కాలం. మొత్తం పదిహేను మందీ ఈ కాగితం మీద సంతకం పెడితే."

"పెట్టకపోతే?"

"ప్రమాదం మీద ప్రభుత్వ విచారణ తేలేదాకా తానేమీ చెయ్యలేనన్నారు. అది తేలడానికి ఏళ్లు పడుతుంది."

"అంటే మంచివాడు కావడానికి ఆయనకు పదిహేను సంతకాలు కావాలి."

"ఎగతాళి చెయ్యకండి."

"ఎగతాళికి ఓపికేది? ఆ పిల్లకు రావలసింది హక్కుగా ఇవ్వాలి గానీ, నోళ్లు కుట్టి ఇస్తే అది దయ ఎలా అవుతుందండీ?"

"హక్కు ఎప్పుడొస్తుందో! ఆకలి రోజూ వస్తుంది. నేను లోకం తెలియని వాణ్ణి కాదమ్మా. పద్నాలుగు మంది పెట్టారు. మీరొక్కరే మిగిలారు. పద్నాలుగు మందికీ మనస్సాక్షి లేదంటారా?"

"అననండి. నాకంటే మంచివాళ్లు."

"పిచ్చుక కూడా వేసింది."

"ఏమిటి?"

"వేలిముద్ర. వేరే కాగితం మీద. తన పొరపాటేనని."

"ఏ చేత్తో?"

"అమ్మా…"

"ఏ చేత్తో వేసిందండీ?"

"ఎడమ చేత్తో."

"వేలిముద్ర… ఎడమ చేత్తో."

"కూర్చోండి. ఈ బుట్ట మీద కూర్చోండి. మంచినీళ్లు తేనా?"

"వద్దు. పేరు రాయడం నేర్పింది నేను. ఈ బల్ల మీదే, సబ్బు ముక్కతో. అక్షరాలు వచ్చాక వారం రోజులు కనిపించిన ప్రతి గోడ మీదా పేరు రాసుకుంది. వేలిముద్ర వేసేవాళ్లను చూసి నవ్వేది."

"ఎవరూ బలవంతం చెయ్యలేదు. చదివి వినిపించాను. తర్వాత 'అందరూ పెట్టారా?' అంది. ఒక్కరు తప్ప అన్నాను. ఎవరని అడిగితే మీ పేరు చెప్పాను. అప్పుడు ఏడ్చింది చూడండి, వార్డంతా తిరిగి చూసింది. ఏడుస్తూనే 'తొందరగా ఇవ్వండి, తొందరగా' అని వేలు చాపింది. మీ మొండితనానికి అంత బాధపడింది."

"మొండితనానికి కాదు."

"మరి దేనికి?"

"మీకు చెబితే 'పేరు వద్దు' అంటారు."

"చెయ్యి పోగొట్టుకున్న మనిషే వదిలేసింది. క్షమ అంటే మనం చెప్పుకునేది ఇదే కదా! ఇక పట్టుకోవడానికి మీరెవరు?"

"ఆమె వదిలింది తన చెయ్యి. రెండో రోలర్ దగ్గర కొత్తామె ఉంది, ఇద్దరు పిల్లల తల్లి. ఆమె చెయ్యి ఎవరు వదలాలి?"

"రెండో రోలర్‌కేమైంది?"

"అటు చూడండి. కిందికి కాదు, కడ్డీ మీదికి."

"…గుడ్డ."

"పొద్దున కట్టారు. కొత్త పీలిక. మూడు వారాలే అయింది. రక్తం మరకలున్న దుప్పట్లు ఇంకా నానబెట్టే ఉన్నాయి అటు గదిలో."

"నేను… నేను ఇప్పుడే వెళ్లి పెద్దాయనతో చెబుతాను."

"చెప్పండి. 'అయ్యో' అంటారు. నిజంగానే అంటారు. ఆయన చెడ్డవాడేం కాదు. విప్పిస్తారు కూడా. సోమవారం సాయంత్రం విచారణ చేసే ఇన్‌స్పెక్టరు వచ్చి చూసి వెళతాడు. మంగళవారం ఆసుపత్రి నుంచి ఫోనొస్తుంది, దుప్పట్లేవీ అని."

"ప్రార్థిద్దాం అమ్మా. దేవుడు ఆయన మనసు…"

"కూర్చోండి పాస్టరుగారూ. ఒక మాట చెబుతాను, తప్పుగా అనుకోకండి. దూరాన ఎక్కడో జరిగిన అన్యాయం గురించి మీరు చెబుతుంటే మా కళ్లు తడుస్తాయి. అంత బాగా చెబుతారు. మన గుమ్మంలో జరిగినదైతే 'ప్రార్థిద్దాం' అంటారు. కర్ర విరగకూడదు, పాము చావకూడదు."

"ప్రార్థన చిన్న సంగతా?"

"ఎవరన్నారు? మూడు వారాలుగా మోకాళ్ల మీదే ఉన్నాను. మొదట్లో అడిగాను, ఈ గిన్నె నా ముందునుంచి తీసెయ్యి తండ్రీ అని. తియ్యలేదు. తర్వాత ఆయనే అడగడం మొదలుపెట్టాడు. లేచి ఎటు వెళుతున్నావు అని. వేరే ఏమీ అడగడు. అదొక్కటే. సోమవారం పది గంటలకు ఆ ఇన్‌స్పెక్టరు గదికి అని చెప్పేదాకా నిద్ర పోనివ్వలేదు."

"ఇల్లు పెద్దాయనదని తెలుసుగా మీకు. నేనుండే ఇల్లు."

"తెలుసు."

"అందుకు కాదు నేను వచ్చింది."

"అందుకు కూడా."

"…అందుకు కూడా. పాప పుట్టి నలభై రోజులు కాలేదు. ఎక్కడికని వెళ్లను?"

"మిమ్మల్ని తప్పుపట్టట్లేదు బాబూ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. నాకు తెలియదా?"

"ఎవరితో చెప్పుకోవాలో తెలియట్లేదమ్మా. అందరూ వచ్చి నాకు చెప్పుకుంటారు. నేను ఎవరి దగ్గరికి వెళ్లాలి?"

"మొన్న మా ఇంటికి కుళాయి బాగుచేసే ఆయన వచ్చాడు. పావుగంటలో బాగైపోయింది. వంటింట్లో సింకు కూడా చూడమన్నాను. దానికేమీ లేదు. తర్వాత బాత్‌రూం చూడమన్నాను. అతను వెళ్లిపోతుంటే, ఇంకో కుళాయి ఉంటే బాగుండుననిపించింది."

"ఇంత ఒంటరిగా ఎందుకమ్మా మరి? ఒక్క సంతకం. సోమవారం మధ్యాహ్నానికి ఆ పొడుగు బల్ల దగ్గర మీ చోటు మీకుంటుంది. పిచ్చుక ఇంటికొస్తుంది."

"ఆ చోటు కోసం నేనెంత ఏడుస్తున్నానో మీకు తెలియదు."

"అయితే పెట్టండి."

"పెట్టి ఆ బల్ల దగ్గర ఎలా కూర్చోను? వాళ్లు పక్కకు జరిగి చోటిస్తారు, డబ్బా మూత తీసి నాకింత పెడతారు, ఎవరూ ఏమీ అడగరు. అలా బతికినంత కాలం. రెండో రోలర్ చప్పుడు వింటూ."

"సరే. నా మాట కాదు, ఇంకొకరి గురించి అడుగుతాను. సోమవారం మీరు నోరు విప్పితే ముందు కూలేది ఎవరనుకుంటున్నారు? పెద్దాయనకు వకీళ్లున్నారు. సూపర్‌వైజరు 'నేను చెప్పనేలేదు' అంటాడు. మిగిలేది ఆ గుడ్డ కట్టిన చెయ్యి."

"అవును."

"ఆమె పని పోతుంది. కేసు పెడతారు. జైలు శిక్ష కూడా పడొచ్చు."

"పడొచ్చు."

"ఎవరో నాకు తెలియదు. ఈ పద్నాలుగు మందిలో ఒకరై ఉంటుంది. కావాలని చేసి ఉండదు. పైనుంచి చెబితే చేసింది. ఆమెకూ ఒక ఇల్లుంటుంది, అయినవాళ్లుంటారు."

"పెద్దగా ఎవరూ లేరు లెండి."

"చూశారా, ఎవరో మీకు బాగా తెలుసు! అలాంటిదాన్ని వీధిలో నిలబెడతారా? మీకు ఆమె మీద కాస్తయినా జాలి లేదా?"

"ఆమె మీద ఇక్కడ అందరికీ జాలే. అదే వచ్చిన చిక్కు."

"అందరికీ ఉన్నది మీకెందుకు లేదని అడుగుతున్నాను! అందుకే కదా వీళ్లు మీతో మాట మానేసింది? తోటిదాన్ని పట్టిస్తున్నారనేగా ఈ కోపమంతా?"

"కోపం నిజమే. మూడు వారాలుగా ఒక్కొక్కరే వచ్చి కాళ్లావేళ్లా పడ్డారు, పెట్టెయ్ పెద్దమ్మా, పెట్టెయ్ అని. పెట్టనన్నాను. ఇక నా మొహం చూడటం మానేశారు."

"ఇంతమందిని ఏడిపించి ఎవరికి న్యాయం చేస్తారమ్మా? పెద్దాయనకు భయపడి పాపం వాళ్లంతా…"

"ఆయనకు భయపడి ఒక్కరూ పెట్టలేదు పాస్టరుగారూ. ఆ పద్నాలుగు సంతకాలూ, మంచం మీద ఆ పిల్ల వేసిన వేలిముద్రా, అన్నీ నన్ను కాపాడటానికే. ఆ గుడ్డ కట్టింది నేను."